తొమ్మిది రోజుల గడ్డం

శుక్రవారం ఉదయం ఆరున్నరకి నికనోర్ పొలాంకో అద్దం ముందు నిలబడి, రేజర్ని కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టి మూత వేశాడు. తొమ్మిది రోజుల పాటు దాన్ని ముట్టుకోకూడదన్నది అతని పథకం. ఆ చిన్న పథకం వల్ల వారం తిరక్కుండా నలభై మంది తన పెరట్లో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంటారని అప్పటికి అతనికి తెలియదు.

సబానా ఒండా పోస్టాఫీసులో ఉత్తరాల కౌంటరూ, టెలిగ్రాఫు యంత్రమూ రెండూ నికనోర్ చేతిలోనే ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళ వయసు, ఇస్త్రీ చొక్కా, పద్ధతైన మనిషి. అతని మాట విననిది ఒక్క చర్మమే. గడ్డం వెంట్రుకలు ఉంగరాలు తిరిగినవి కావడంతో, గీసిన మర్నాడు వాటి కొనలు బయటికి రాకుండా వంకర తిరిగి మళ్ళీ చర్మంలోకే దూరేవి. పొద్దున గీసుకుంటే మధ్యాహ్నానికి మెడంతా ఎర్రబడేది. సాయంత్రానికి దవడల మీద ఆవగింజలంత పొక్కులు లేచేవి. మర్నాడు ఆ పొక్కుల మీదే మళ్ళీ బ్లేడు నడపాలి. అయినా ఉద్యోగంలో చేరిన ఈ పన్నెండేళ్ళలో ఒక్కరోజు కూడా అతను గీసుకోవడం మానలేదు. ఇంకొకడైతే మొదటి నెలలోనే బ్లేడుకి దణ్ణం పెట్టేవాడు.

ఇప్పుడు మానడానికి కారణం ఎదెల్మీరా. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సెలూన్ ఆమె తండ్రి దోన్ ఒలెగారియోది. అక్కడ కత్తెర పని కూతురిది, కత్తి పని తండ్రిది. ఆడపిల్ల మణికట్టుకి కత్తి నిలవదని ఆయన నమ్మకం. నికనోర్ రెండు ఆదివారాలు కోటు వేసుకుని పిల్లనడగడానికి ఆ ఇంటికి వెళ్ళాడు. రెండుసార్లూ ఆయన గుమ్మంలోనే నిలబెట్టి, కుడిచేతి వెనకభాగంతో అతని చెంప నిమిరి చూశాడు.

"దీనిమీద కొబ్బరి తురుముకోవచ్చు," అన్నాడు మొదటిసారి.

రెండోసారి కాస్త వివరంగా చెప్పాడు. "చూడు బాబూ, నువ్వు మంచివాడివే, కాదనను. కానీ సెలూన్ వాడి అల్లుడు ఈ మొహంతో వీధిలో తిరిగితే నా కుర్చీలో ఎవడు కూచుంటాడు? నున్నటి మొహంతో ఇంకొక్కసారి రా. అప్పుడు కూడా ఇలాగే వచ్చావనుకో, తలుపు తియ్యను."

ఆ మూడోసారి వచ్చే వారం ఆదివారం, ఉదయం పదకొండింటికి. అది దాటితే ఇక అవకాశం లేదు. పెళ్ళికాని గుమాస్తాలను సరిహద్దు ఊళ్ళకు పంపే జాబితా ఆ మర్నాడే తయారవుతుంది. పెళ్ళి నిశ్చయమైనవాణ్ణి కదపరు. కానివాడు మేకలూ ముళ్ళకంపలూ తప్ప ఇంకేమీ లేనిచోట మూడేళ్ళు టెలిగ్రాఫు మీట నొక్కుకుంటూ కూర్చోవాలి.

రేజర్ పెట్టెలోకి వెళ్ళడానికి ముందురోజు, గురువారం నాడు, ఎదెల్మీరా స్టాంపు కోసం వచ్చినట్టు వచ్చి, కౌంటరు కటకటాల దగ్గర మొహం పెట్టి చెప్పింది.

"రేపట్నుంచి గీసుకోకండి. తొమ్మిది రోజులు."

"తొమ్మిది రోజులా? జైలు నుంచి పారిపోయినవాడిలా ఉంటాను."

"ఉండండి. లోపలికి దూరిన వెంట్రుకలు వాటంతటవే బయటికి రావాలి, పొక్కులు ఆరాలి. ఆదివారం పొద్దున నేనే వచ్చి గీస్తాను. వెంట్రుక ఎటు వాలితే అటు, ఒక్కసారే. రెండోసారి కత్తి తగలకూడదు."

"నీకు కత్తి పట్టడం ఎవరు నేర్పారు?"

"స్టాంపు ఇస్తారా, పొమ్మంటారా?"

నికనోర్ స్టాంపు ఇచ్చాడు.

సోమవారానికి గడ్డం అందరికీ కనిపించేంత పెరిగింది. సబానా ఒండాలో మగవాడు ఉన్నట్టుండి గడ్డం పెంచాడంటే అర్థం ఒకటే. అతనివాళ్ళెవరో పోయారు. తొమ్మిది రోజుల జపమాల ప్రార్థన పూర్తయ్యేదాకా ఆ ఇంటి మగవాళ్ళు ముఖానికి కత్తి తగలనివ్వరు. బాధ మరీ ఎక్కువైతే ఇంకా కొంతకాలం ఉంచుకుంటారు. దోన్ ఒలెగారియో భార్య ఓర్తెన్సియా పోయి పదకొండేళ్ళయింది. ఊరందరి గడ్డాలూ గీసే ఆయన తన గడ్డాన్ని మాత్రం ఆనాటి నుంచీ ముట్టుకోలేదు. అది రొమ్ముదాకా దిగి నెరిసింది. మొగుడితో పేచీ వచ్చినప్పుడల్లా ఊళ్ళో ఆడవాళ్ళు ఆ గడ్డాన్నే చూపించి, నేను పోతే నువ్వు తొమ్మిది రోజులైనా ఆగుతావా అని నిలదీసేవారు.

ఈ ఆచారం నికనోర్‌కు తెలియక కాదు. తనవాళ్ళెవరూ చావలేదు కనుక తన గడ్డానికి ఆ అర్థం రాదనుకున్నాడు. అతను చేసిన తప్పల్లా అదొక్కటే.

మొదట చూసినవాడు మందుల షాపు ప్లీనియో. పార్సిల్ పంపడానికి వచ్చి, కౌంటరు అవతలి ముఖాన్ని చూసి, పార్సిల్ సంగతే మర్చిపోయాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు గొంతు తగ్గించి.

"శుక్రవారం నుంచి."

"బాధగా ఉందా?"

"మొదటి రెండు రోజులూ మండిపోయింది. ఇప్పుడు కాస్త నయం."

"మీ నాన్న కూడా..."

"నాన్నా అంతే, బాబాయీ అంతే. మా వంశంలో ఎవరూ తప్పించుకోలేదు."

ప్లీనియో కళ్ళు చెమ్మగిల్లాయి. కటకటాల్లోంచి చెయ్యి దూర్చి నికనోర్ చేతిని గట్టిగా నొక్కాడు. "మగాడివయ్యా. ఇంత కడుపులో పెట్టుకుని డ్యూటీకి వచ్చి కూచున్నావు."

తన చర్మం బాధ ఇంతగా అర్థం చేసుకున్న మనిషి నికనోర్‌కు ఇన్నాళ్ళకు దొరికాడు. అతని కళ్ళూ చెమర్చాయి. దాంతో ప్లీనియోకి మిగిలిన కాస్త అనుమానమూ పోయింది.

మధ్యాహ్నానికల్లా మందుల షాపులో సంగతి తేలిపోయింది. నికనోర్‌కు ఈ లోకంలో మిగిలిన బంధువు సముద్రం ఒడ్డున ఉండే మేనత్త బ్రిహిదా ఒక్కతే. కనుక ఆవిడే పోయి ఉండాలి. కబురు టెలిగ్రాంలో వచ్చి ఉంటుంది. ఆ టెలిగ్రాం అందుకున్నది అతనే కాబట్టి ఊళ్ళో ఇంకెవరికీ తెలిసే వీల్లేదు.

"సొంత మేనత్త చావు కబురు సొంత చేత్తో రాసుకున్నాడు," అన్నాడు ప్లీనియో, దగ్గుమందు కట్టిస్తూ. "రాసుకుని, సంతకం పెట్టి, పక్కనున్న పోస్టుకార్డుల మీద ముద్రలు కొట్టాడు. అలాంటి మనిషి."

ఇక అతన్నే అడిగి తెలుసుకోవచ్చు కదా అంటే, ఆ ఊళ్ళో చావింటి మనిషిని ఎవరు పోయారని అడగకూడదు. అడిగితే మనకు తెలియదని ఒప్పుకున్నట్టు. తెలియదంటే మనం దగ్గరివాళ్ళం కానట్టు. అందుకని ఆ రోజంతా జనం కౌంటరు దగ్గరికి వచ్చి, నికనోర్ చెయ్యి నొక్కి, స్టాంపులు కొనకుండా వెళ్ళిపోయారు.

నికనోర్ అద్దెకుండే ఇల్లు దోన్యా క్లోతిల్దేది. ఆవిడ వితంతువు. తన ఇంట్లో అద్దెకున్నవాడు తన కన్నబిడ్డేనని ఆవిడ లెక్క. మంగళవారం సాయంత్రం అయిదింటికి నికనోర్ ఇంటికి వచ్చేసరికి పెరట్లో రేకుల పందిరి, దాని కింద ఇరవై కుర్చీలు, తెల్లగుడ్డ పరచిన బల్ల మీద కొవ్వొత్తి. అల్లం కాఫీ వాసన వీధిదాకా వస్తోంది. ఊళ్ళో ప్రార్థనలన్నీ చేయించే ఎవుసేబియా నల్ల శాలువా కప్పుకుని జపమాల తిప్పుతోంది. నల్లగౌను వేసుకున్న క్లోతిల్దే గబగబా వచ్చి నికనోర్‌ను కావలించుకుని భోరుమంది.

నికనోర్ వెంటనే ఊహించాడు. క్లోతిల్దేకి కొండ ఊళ్ళో మంచాన పడ్డ అన్న ఒకాయన ఉన్నాడు. పాపం, ఆయనే వెళ్ళిపోయి ఉంటాడు.

"ధైర్యంగా ఉండమ్మా," అన్నాడు ఆవిడ వీపు నిమురుతూ. "ఆ వయసులో ఆ బాధ పడేకంటే ఇదే మేలు."

క్లోతిల్దే ఏడుపు ఆపి అతని ముఖంలోకి చూసింది. "నువ్వు నాకు చెప్తున్నావా ధైర్యం? ఏం మనిషివి నాయనా నువ్వు." పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. "విన్నారా? వాడు నన్ను ఓదారుస్తున్నాడు."

ఆడవాళ్ళంతా విన్నారు. ఇలాంటి కొడుకుని కన్న తల్లి ఏ నోము నోచుకుందోనని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. నికనోర్ కోటు విప్పి, కాఫీ కప్పులు అందించసాగాడు. ఇంటావిడకి కష్టం వస్తే ఆ మాత్రం చేయాలి. ఎవుసేబియా పుస్తకం తెరిచి, పోయినవారి పేరు చదవవలసిన చోట ఒక్క క్షణం ఆగి, చుట్టూ చూసి, "దేవుడెరిగిన ఆ ఆత్మ కోసం" అని ముందుకు సాగిపోయింది. అనుభవం ఉన్న మనిషి.

కప్పులన్నీ కడిగి బోర్లించాక గానీ నికనోర్‌కు తాను ఎక్కడ ఇరుక్కున్నాడో తెలియలేదు. తను ఈ ఇంటి మనిషి. ఈ ఇంట్లో చావు జరిగింది. మంగళవారం నుంచి తొమ్మిది రోజులంటే వచ్చే బుధవారం. ఈలోగా ఆదివారం నాడు నున్నగా గీసుకుని పిల్లనడగడానికి బయల్దేరితే, అన్నను పోగొట్టుకున్న ఆ పిచ్చితల్లి ముఖం ఎలా చూడాలి?

బుధవారం ఎదెల్మీరా కౌంటరు దగ్గరికి వచ్చింది.

"ఎవరు పోయారు?" అంది.

"క్లోతిల్దే గారి అన్నగారు. అనుకుంటా."

"అనుకుంటా ఏమిటి?"

"ఎలా అడగమంటావు? ఆవిడ నన్ను పట్టుకుని ఏడుస్తోంది. ఏవండీ, మీరు ఎవరికోసం ఏడుస్తున్నారు అనా?"

ఎదెల్మీరా కటకటాలకి ఇంకాస్త దగ్గరికి జరిగింది. "మా నాన్న మీ మేనత్త పోయిందంటున్నాడు."

"మా అత్తా? మొన్ననే ఉత్తరం రాసింది. పంటినొప్పి తప్ప ఇంకేం లేదు."

ఆమెకు కథ సగం అర్థమైంది. మిగతా సగం అర్థమయ్యేలోపే ప్లీనియో లోపలికి రావడంతో స్టాంపు తీసుకుని వెళ్ళిపోయింది.

గురువారం మధ్యాహ్నం బస్సు దిగినది సాక్షాత్తూ బ్రిహిదా. నల్లగౌను, నల్ల ముసుగు, చేతిలో సంచి. మేనల్లుడి ఇంట్లో చావు జరిగిందని ఎవరో చెబితే పంటినొప్పితోనే బయల్దేరి వచ్చింది. బస్టాండులో నిలబడ్డ ప్లీనియో ఆవిణ్ణి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. అక్కడితో గొడవ తెమిలిపోవలసింది. కానీ ఊరు ఒకసారి ఏడుపు మొదలెట్టాక అంత తేలిగ్గా ఆపదు.

"అయితే పోయింది ఈవిడ కాదన్నమాట," అన్నాడు ప్లీనియో తేరుకుని. "ఇంకెవరో. ఈవిడ కూడా నల్లబట్టలే కట్టిందంటే బాగా దగ్గరి మనిషే."

బ్రిహిదా పెరట్లోకి వచ్చి, మేనల్లుణ్ణి పక్కకు లాగి, "ఎవర్రా?" అని అడిగింది.

"క్లోతిల్దే గారి తాలూకు, అత్తా. గట్టిగా మాట్లాడకు."

బ్రిహిదా వెళ్ళి క్లోతిల్దేని కావలించుకుంది. "మీకు రాకూడని కష్టం వచ్చిందమ్మా," అంది. "నాదేముంది తల్లీ, కష్టమంతా మీది," అంది క్లోతిల్దే. ఎంత పెద్దమనసు, తన దుఃఖంలో కూడా ఎదుటివాళ్ళ గురించే ఆలోచిస్తోంది అని ఎవరికి వారు అనుకుని, ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టి ఏడ్చారు. ఆ సాయంత్రం జపమాల చెప్పడంలో బ్రిహిదా గొంతు అందరినీ మించింది. కుర్చీలు నలభైకి పెరిగాయి. పక్క ఊళ్ళ నుంచి కర్రపెండలం పిండితో చేసే కసావా రొట్టెలు వచ్చాయి.

శనివారం ఎదెల్మీరా ముఖం పాలిపోయి కౌంటరు దగ్గరికి వచ్చింది.

"నాన్న రేపు పదకొండింటికి మీ ఇంటికే వస్తున్నాడు. చావింట్లో పిల్లనివ్వడం, అడగడం ఏడాదిదాకా కుదరదట. ఆ మాట మీతో మర్యాదగా చెప్పిపోతాడట. నేను పదకొండేళ్ళు ఉన్నాను, వాడు ఒక్క ఏడాది ఉండలేడా అంటున్నాడు."

"ఏడాదా? సోమవారం నా పేరు జాబితాలోకి ఎక్కుతుంది."

"తెలుసు." ఆమె కటకటాల్లోంచి అతని గడ్డాన్ని పరీక్షగా చూసింది. వేలితో దవడ కింద నొక్కింది. పొక్కు అన్నది లేదు. చర్మం చల్లగా, చదునుగా ఉంది. "తొమ్మిదో రోజు. సరిగ్గా పండింది," అంది తనలో తాను. "రేపు ఏది జరిగినా మీరు కదలకండి. అంతే."

ఆదివారం పూజ ముగిశాక జనమంతా నేరుగా క్లోతిల్దే పెరట్లోకే వచ్చారు. సరిగ్గా పదకొండింటికి దోన్ ఒలెగారియో నల్లకోటులో, రొమ్ము మీద ఆ తెల్లటి గడ్డంతో గుమ్మంలో నిలబడ్డాడు. అందరూ లేచి దారి ఇచ్చారు. దుఃఖం విషయంలో ఆ ఊళ్ళో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన వెనకే ఎదెల్మీరా చిన్న గుడ్డమూట పట్టుకుని వచ్చింది.

"నికనోర్," అన్నాడాయన గొంతు సవరించుకుని. "నీ దుఃఖం పెద్దది. దాన్ని గౌరవించాలి. అందుకని మన సంగతి..."

"ఎవరు పోయారు?" అంది ఎదెల్మీరా.

ఆరు రోజులుగా ఎవరూ అందరి ముందూ అడగని మాట అది. క్లోతిల్దే నికనోర్ వైపు చూసింది. నికనోర్ క్లోతిల్దే వైపు చూశాడు. బ్రిహిదా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ప్లీనియో కాఫీ కప్పులోకి చూశాడు. ఎవుసేబియా పుస్తకంలో పేజీలు తిప్పసాగింది, పేరు అందులో ఎక్కడో రాసి ఉన్నట్టు.

"మీ అన్నగారు కదమ్మా," అన్నాడు నికనోర్ మెల్లగా.

"మా అన్నయ్యా? వాడు నిన్ననే కోడిపుంజుని అమ్మాడు," అంది క్లోతిల్దే. "మరి నీకు పోయిందెవరు?"

"నాకెవరూ పోలేదు."

"మరి ఆ గడ్డం?"

నికనోర్ అందరి ముందూ నిలబడి నిజం చెప్పాడు. చర్మం, పొక్కులు, తొమ్మిది రోజులు. చెబుతున్నంతసేపూ ముఖం కందిపోయింది కానీ ఒక్క ముక్క దాచలేదు. అబద్ధం ఆడి ఆ పూట గట్టెక్కడానికి వీలుండి కూడా ఆడలేదని ఆ తర్వాత చాలామందికి తట్టింది. ఆ నిమిషంలో మాత్రం పెరడు భగ్గుమంది.

"దురద కోసమా? ఆరు రోజులు నేను దురద కోసమా ఏడ్చింది?" అన్నాడు ప్లీనియో.

"నాలుగు ఊళ్ళు దాటి వచ్చానురా, పంటినొప్పితో," అంది బ్రిహిదా.

దోన్ ఒలెగారియో గొంతు అన్నిటికంటే పైన వినబడింది. "గడ్డమంటే ఏమనుకున్నావురా? పోయినవాళ్ళ కోసం పెంచేది. నీ పొక్కులకి ఆ గౌరవం కావలసొచ్చిందా? సరిహద్దుకి పో. మేకల మధ్య పెంచుకో గడ్డం."

ఆయన వెనుదిరిగాడు. ఎదెల్మీరా మాత్రం కదల్లేదు. మూట విప్పింది. అందులో సబ్బు, కుంచె, తువ్వాలు, కత్తెర, ఓట్స్ నానబెట్టిన నీళ్ళ సీసా, పసుపు జిగురంతా రాత్రి నుంచి ఓడ్చిన కలబంద ముక్క, ఒక పాత కత్తి.

"కూచోండి," అంది నికనోర్‌తో, ప్రార్థన కుర్చీ ఒకటి ముందుకు లాగి. "అమ్మా, కాఫీకి కాచిన నీళ్ళు కొంచెం ఇలా ఇవ్వండి."

క్లోతిల్దే కోపంలో ఉండి కూడా నీళ్ళు ఇచ్చింది. అడిగిన తీరు అలాంటిది.

వేడినీళ్ళలో పిండిన తువ్వాలు నికనోర్ ముఖం మీద కప్పి, ఎదెల్మీరా చేతులు కట్టుకుని నిలబడింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. తొందరపడే మనిషైతే అక్కడే చెడగొట్టును. తువ్వాలు తీసి, మళ్ళీ వేడినీళ్ళలో పిండి, మళ్ళీ కప్పింది. తిట్టేవాళ్ళు తిట్టడం ఆపి మెడలు చాచారు. తర్వాత సబ్బు నురగ, పల్చగా, తడి ఆరకుండా. వేళ్ళతో దవడ అంతా తడిమి వెంట్రుక ఎటు వాలిందో చూసుకుంది. చెంప మీద కిందికి, గడ్డం కింద కుడికి, మెడ మీద ఒకచోట పైకి. అప్పుడు కత్తి తీసింది.

చర్మాన్ని లాగలేదు. కత్తిని అదమలేదు. బరువంతా కత్తిదే, దారి మాత్రం ఆమెది. చిన్న చిన్న గీతలు, బొటనవేలంత. ఒక్కో గీతకీ కత్తిని గుడ్డకి తుడవకుండా తన ఎడమచేతి వెనక తుడుచుకుంటోంది, కత్తి మీద ఏం వస్తోందో తన చర్మానికే తెలిసేలా. కంఠం ముడి దగ్గరికి వచ్చేసరికి నలభై మందీ ఊపిరి బిగబట్టారు. అక్కడే నికనోర్ పన్నెండేళ్ళుగా రోజూ రక్తం కళ్ళజూసింది. అతను కళ్ళు మూసుకున్నాడు. కత్తి ఆ ముడి చుట్టూ తిరిగి, కిందికి దిగి, బయటికి వచ్చింది. తెల్లనురగ తెల్లగానే ఉంది.

గుమ్మం దాకా వెళ్ళిన దోన్ ఒలెగారియో ఎప్పుడు వెనక్కి వచ్చాడో ఎవరూ గమనించలేదు. కూతురి ఎడమచేతినే చూస్తున్నాడు.

"ఆ తుడవడం నీకెవరు నేర్పారు?" అన్నాడు. గొంతులో ఇందాకటి ఉరుము లేదు.

"రోజూ పొద్దున వంటింట్లో నురగ గిన్నె పట్టుకున్నది నేనే కదా నాన్నా."

ఆమె ఓట్స్ నీళ్ళతో కడిగి, కలబంద రాసి పక్కకు జరిగాక, ఆయన కుడిచెయ్యి వెనకభాగంతో నికనోర్ చెంప నిమిరాడు. తర్వాత మెడ. జేబులోంచి గడియారం తీశాడు.

"ఇప్పుడే ఏమీ చెప్పలేం. బయటపడడానికి అరగంట పడుతుంది. ఒక్క పొక్కు లేచినా మన మాట అక్కడితో సరి."

అరగంట పాటు నలభై మంది ఒక మనిషి దవడల్ని చూస్తూ కూర్చున్నారు. ఊరికే కూర్చోవడం అలవాటు లేని ఎవుసేబియా జపమాల అందుకుంది. బ్రిహిదా గొంతు కలిపింది. ప్లీనియో రెండుసార్లు లేచి దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చూసి వెళ్ళాడు. గడియారం ముల్లు తిరిగింది. ఆ ముఖం మీద ఎరుపు లేదు, పొక్కు లేదు. పన్నెండేళ్ళలో మొదటిసారి నికనోర్ పొలాంకో ముఖం ఎలా ఉంటుందో ఊరు చూసింది. బాగానే ఉంది.

"టెలిగ్రాం కొట్టుకో మీ ఆఫీసుకి," అన్నాడు దోన్ ఒలెగారియో గడియారం మూసి. "సరిహద్దుకి ఇంకెవణ్ణైనా చూసుకోమను."

చప్పట్లు కొట్టాలో, చావింట్లో కొట్టకూడదో ఎవరికీ తోచలేదు. అది తేలేలోపే ఆయన నల్లకోటు విప్పి క్లోతిల్దే చేతిలో పెట్టాడు. నికనోర్‌ను లేవమని సైగ చేసి, ఆ కుర్చీలో తాను కూర్చుని, గడ్డం పైకెత్తాడు.

"కానియ్యి," అన్నాడు కూతురితో.

క్లోతిల్దే హడలిపోయింది. "అయ్యో, అదేమిటండీ. ఓర్తెన్సియా జ్ఞాపకం కదా అది."

"జ్ఞాపకం గుండెలో ఉందమ్మా. గడ్డంలో ఉన్నది దురదే." ఆయన జనం వైపు చూడకుండా రేకుల పందిరి వైపు చూస్తూ మాట్లాడాడు. "నా చర్మమూ వాడిలాంటిదే. పెళ్ళైన నాటి నుంచీ రోజూ సెలూన్ తెరవకముందు ఆవిడే గీసేది. ఆవిడ పోయాక నేనే రెండుసార్లు ప్రయత్నించాను. రక్తం వచ్చింది. సెలూన్ వాడి మొహమే కత్తిని భరించలేదని ఎవరికి చెప్పుకోను? గీయడం మానేశాను. మీరే దానికి పేరు పెట్టారు. బాగుంది కదాని ఊరుకున్నాను."

"పదకొండేళ్ళు నా మొగుణ్ణి మీ గడ్డం చూపించి తిట్టానండీ," అంది వెనకనుంచి ఒకావిడ. ఆమె మొగుడు ఆ పక్కనే ఉన్నాడు. అతను నిటారుగా కూర్చున్నాడు.

ఎదెల్మీరా వేడి తువ్వాలు పిండింది. ముందు కత్తెరతో పొడవంతా తీసేసి, పదకొండేళ్ళ కిందట వంటింట్లో చూసిన తల్లి చెయ్యి ఎలా నడిచేదో అలాగే కత్తి నడిపింది. ముగిశాక ఆయన తన చెంప తానే నిమురుకున్నాడు. చాలాసేపు నిమురుకున్నాడు. తర్వాత ఆ పాత కత్తిని మడిచి కూతురి చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

మర్నాడు పొద్దున సెలూన్ తలుపు తెరిచేసరికి బయట తొమ్మిది మంది గడ్డాలవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకడు తమ్ముడి కోసమని నాలుగేళ్ళుగా, ఒకడు బాకా ఊదే స్నేహితుడి కోసమని ఏడేళ్ళుగా, ఒకడైతే అత్తగారి కోసమని ఆరేళ్ళుగా గీయకుండా ఊరందరి మన్ననా పొందినవాళ్ళే. ఎవరి ముఖంలోకీ ఎవరూ చూడకుండా ఎదెల్మీరా కుర్చీ ముందు వరసకట్టారు.

ఆ ఒక్క సోమవారం నాడే సబానా ఒండాలో తొమ్మిది మందికి దుఃఖం తీరిపోయింది.